లొరీన్ గీసిన ఆరో మసక

పెకోస్ ఊళ్ళో ముప్పైయొక్కేళ్ళు బడి బస్సు తోలిన లొరీన్ హాస్కెట్‌ని ఎవరైనా మర్యాదకి "ఎలా ఉన్నావు" అని అడిగితే, "నిన్న రాత్రి మబ్బు పట్టింది" అని చెప్పేది. అలాంటి మనిషి. మొగుడి మీద ఏనాడూ చూపని ఓపికంతా ఆకాశం మీద చూపించింది.

ఏటా లాగే ఆ మే నెలలో కూడా రాత్రిళ్ళు ఆకాశం చూసే టెలిస్కోపుల వాళ్ళంతా కొండల్లోని పశువుల రాంచ్‌లో చేరారు. గాలిమరలు బాగుచేసే హోయ్ట్ సొంతంగా కట్టుకున్న టెలిస్కోపు అద్దం బండిచక్రమంత ఉంటుంది. చూడాలంటే నిచ్చెనెక్కాలి. అతనూ లొరీనూ పట్టుబట్టి చూసేది ఒక అయిదు గెలాక్సీల గుంపు. చూడటమని మాటవరసకే. సూటిగా చూస్తే మాయమైపోతాయి. చూపు పక్కకి తిప్పితే ఒక్కొక్కటే చిన్న మసకలా వచ్చి నిలబడతాయి, మనం ఏమారేదాకా కాచుకుని ఉన్నట్టు.

వాళ్ళకో కట్టుబాటు ఉంది. నల్లగుడ్డ తలమీద కప్పుకుని ఒంటరిగా చూడాలి, ఎర్రదీపం గుడ్డివెలుగులో బొమ్మ గీసుకోవాలి. ఇద్దరూ గీసేదాకా పెదవి విప్పకూడదు.

బొమ్మలు పక్కపక్కన పెట్టారు. హోయ్ట్‌వి అయిదు మసకలు. లొరీన్‌వి ఆరు.

"ఏంటి, బస్సులో ఒకణ్ణి ఎక్కువ ఎక్కించుకొచ్చావా?" అన్నాడు హోయ్ట్.

"నా బస్సులో లెక్క ఎప్పుడూ తప్పలేదు."

"మరి వీడెవడు?"

లొరీన్ తన బొమ్మని వెనక్కి తీసుకుంది. నిన్న, మొన్న కూడా తన సొంత టెలిస్కోపులో ఆరే కనబడ్డాయి. ఎవరికీ చెప్పలేదు.

పదేళ్ళ కిందట ఆమె అక్క నడీన్ ఇదే గుంపులో ఆరోది గీస్తే అందరూ ఆటపట్టించారు. ఏడాది తిరక్కుండా కంటి వెనక పొర పాడైందని తేలింది. ఇప్పుడు చెల్లెల్ని గొంతు బట్టి పోల్చుకుంటోంది. వాళ్ళమ్మకీ అంతే అయింది.

ఆరోది ఆకాశంలో ఉందా, తన కంట్లో ఉందా? తేల్చుకోవడం చిటికెలో పని. టెలిస్కోపు గొట్టాన్ని వేలితో తడితే ఆకాశంలోవి ఊగుతాయి, కంట్లోది ఊగదు. మూడు రాత్రులుగా ఆమె ఆ పని చెయ్యలేదు.

"నేను తట్టనా?" అన్నాడు హోయ్ట్, ఈసారి నవ్వకుండా.

"నా చేతులు బాగానే ఉన్నాయి. నువ్వు నిచ్చెన పట్టుకో."

ఎక్కి, గుడ్డ కప్పుకుని తట్టింది. అయిదు మసకలూ నీళ్ళలో దీపాల నీడల్లా ఊగాయి. ఆరోది ఊగలేదు. మళ్ళీ తట్టింది. తక్కినవన్నీ కదిలిపోతుంటే అదొక్కటే ఆమెకేసి చూస్తూ నిలబడింది.

"కదిలిందా?"

"అయిదు కదిలాయి."

కింద ఫ్లాస్కు మూత తిప్పిన చప్పుడైంది. "కాఫీ పొయ్యనా?" అన్నాడు హోయ్ట్.

"తర్వాత. నిచ్చెన కాస్త జరుపు. ఎడమకంటికి అందడం లేదు."

ఆకాశం చూసిన నలభై ఏళ్ళూ కుడికంటితోనే చూసింది. ఎడమకన్నుకి ఆ చీకట్లో ఎటు చూడాలో కూడా తెలీదు. గంటసేపు ఒట్టి నలుపే. తర్వాత ఒకటి వచ్చింది. గుంపు కొండ వెనక్కి వాలేలోపు మూడు. కొత్త కాగితం మీద మూడే గీసింది.

మూసిన కుడిరెప్ప లోపల ఆరోది ఇంకా వెలుగుతూనే ఉంది.