ఇటాలియన్ నాటకానికి వన్స్ మోర్

స్ట్రోక్ తర్వాత మా ఆవిడకు మాట పోయింది. మనుషుల్ని గుర్తుపట్టేది, చెప్పింది అర్థం చేసుకునేది. నోట్లోంచి మాత్రం ఒక్క మాట వచ్చేది కాదు. ఆరు నెలల్లో రానిది ఇక రావడం కష్టమని థెరపిస్టు చెప్పింది. పాటలు వినిపిస్తూ ఉండమనీ, పాటలోంచి ఒక్కోసారి మాట తిరిగొస్తుందనీ కూడా అంది. ఆ రోజు డైరీలో నేను రెండోదే రాసుకున్నాను.

మేముండే ప్లేనో ఊళ్ళో, మా ఇంటి దగ్గరి సినిమా హాల్లో శనివారాలు న్యూయార్క్ నుంచి ఒపేరాలు, అంటే మొత్తం పాటగానే నడిచే ఇటాలియన్ నాటకాలు, ప్రత్యక్ష ప్రసారం వేసేవారు. ఉద్యోగం రోజుల్లో వాటిని కారు రేడియోలో వినేవాణ్ణి. పక్కనున్న మా ఆవిడ, "చచ్చిపోతూ అంతసేపు పాడుతుందేమిటండీ! ఆ ఊపిరేదో బతకడానికి దాచుకోవచ్చుగా" అని నవ్వేది. వాళ్ళ నాన్న తెనాలి వైపు పద్యనాటకాలకు హార్మోనియం వాయించినవాడు.

మా ఆవిడను తీసుకెళ్దామనుకున్న వారం వేస్తున్నది క్షయతో చనిపోయే యువతి కథ.

"నాన్నా, అమ్మకి చావు చూపిస్తావా? రివ్యూ చదివాను. మోడర్న్ ప్రొడక్షనట. హాస్పిటల్ బెడ్, ఆక్సిజన్ ట్యూబ్, అన్నీ ఉన్నాయి" అంది మా అమ్మాయి.

"పాట ఉందిగా."

"నీకు చెప్పడం వేస్ట్. ఉండు, వీల్‌చెయిర్ కార్‌లో పెడతా."

నిజంగానే పట్టుగౌన్లు, కొవ్వొత్తులు లేవు. ఇనుప మంచం, సెలైన్ బాటిల్. కథానాయిక మంచం మీంచి లేచి పాడింది, ఒరిగిపోయింది. హాలంతా నిశ్శబ్దం. అప్పుడు మా ఆవిడ స్పష్టంగా అరిచింది: "వన్స్ మోర్!"

ముందు వరుసలో ఒకావిడ వెనక్కి తిరిగి చూసింది. మా వైపు నాటకాల్లో పద్యం నచ్చితే జనం అలాగే అరుస్తారు. చచ్చిపడిన పాత్రయినా సరే లేచి, అదే పద్యం పాడి, మళ్ళీ చావాలి.

కారులో మా అమ్మాయి ఏడుస్తూ, "అమ్మా, ఇంకొక్కసారి అనవే" అని బతిమాలింది. అనలేదు.

బుధవారం అదే రికార్డింగు మళ్ళీ వేస్తే, అవే సీట్లు తీసుకున్నాను. ఈసారి తెర చూడలేదు, మా ఆవిడ పెదాలే చూశాను. కథానాయిక ఒరిగిపోయింది. పెదాలు కదల్లేదు. నేనే మా ఆవిడ చెవిలో "వన్స్ మోర్" అన్నాను. నాటకం చూడనివ్వమన్నట్టు చేత్తో నన్ను పక్కకు తోసింది.

ఆ తర్వాత రెండేళ్ళు తీసుకెళ్ళాను, పెళ్ళితో ముగిసే కథలకు కూడా. ఒక శనివారం వీల్‌చెయిర్ దగ్గరికి తెస్తే, తల అడ్డంగా ఊపింది. మా అమ్మాయి కారు తాళాలు టేబుల్ మీద పెట్టేసింది. నేను కోటు విప్పాను.