నాన్న గొంతు సవరించుకున్న చప్పుడు

మా నాన్న పోయాక కూడా ఆయన గొంతు సవరించుకోవడం నాకు వినిపించింది. ఈ మాట చదవగానే జాలిపడేవాళ్లూ, చేతులెత్తి దండం పెట్టేవాళ్లూ కాస్త ఆగాలి. ఆ రెండు రకాల మనుషులతోనూ నేను ఇప్పటికే చాలా వేగాను.

ఖాజాగూడలో చెరువుకు దగ్గర్లో, ఒక సందులో కిరాయికి ఉంటాం. నా ఉద్యోగం రాయదుర్గంలో. వేరేవాళ్లు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే పని. నాన్న రిటైరయ్యాక అమ్మనీ ఆయన్నీ గుంటూరు నుంచి నా దగ్గరికి తెచ్చుకున్నాను. వారంలో సగం రోజులు ఇంటి నుంచే పనిచేస్తాను. నాన్నకి ఇంట్లో ఎప్పుడూ లుంగీ, బనీనే. ఒకసారి నేను మీటింగులో ఉండగా ఆ వేషంతోనే మజ్జిగ గ్లాసు పట్టుకుని నా వెనక ప్రత్యక్షమయ్యారు. టీమంతా నవ్వింది. ఆయన బాగా చిన్నబుచ్చుకున్నారు. అప్పట్నుంచీ నా గది తలుపు దగ్గరే ఆగి, గొంతు సవరించుకుని, నేను కెమెరా ఆపేదాకా నిలబడేవారు. "పర్లేదు, రండి నాన్నా" అంటే, "నీ ఆఫీసు మర్యాద నీకుంటుంది కదమ్మా" అనేవారు.

ఒక పొద్దున పేపరు చదువుతూనే పోయారు. గుండె ఆగిపోయిందన్నారు. గుంటూరు నుంచి కారులో వస్తూనే బాబాయి సిద్ధాంతిగారికి ఫోన్ చేసి నక్షత్రం కనుక్కున్నాడు. ధనిష్ఠ. ధనిష్ఠా పంచకంలో మనిషి పోతే ఆ ఇంటిని ఆరు నెలలు మూసెయ్యాలని మా వైపు పట్టింపు. మూయకపోతే పోయినవాళ్లు తిరిగొస్తారనీ, ఇంట్లోవాళ్లకి కీడనీ అంటారు. ఏడవడానికే తీరిక లేని ఆ గంటల్లో ఆయన ఈ సంగతి నా చెవిలో వేశాడు. పెద్దకర్మ అయ్యాక చూద్దామన్నాను. అయ్యాక కూడా చూడలేదు.

మళ్లీ పనిలో పడ్డాక ఒక మధ్యాహ్నం మీటింగులో నేనే మాట్లాడుతున్నాను. తలుపు దగ్గర గొంతు సవరించుకున్న చప్పుడు. "ఒక్క నిమిషం నాన్నా" అని కెమెరా ఆపి వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. నేనన్న మాట మీటింగులో అందరూ విన్నారు. నాన్న పోయిన సంగతి వాళ్లందరికీ తెలుసు.

సాయంత్రం మా టీమ్ లీడ్ ఫోన్ చేశాడు. మంచివాడే. "మీరు కొన్నాళ్లు లీవ్ తీసుకోండి. మైండ్‌కి అలవాటైన సౌండ్‌ని అదే క్రియేట్ చేసుకుంటుందండి, చాలా నార్మల్" అని, కౌన్సెలర్ నంబరు పంపాడు. అయ్యుండొచ్చు. కానీ ఆయన అంత తొందరగా తేల్చెయ్యడం నాకు నచ్చలేదు. మీటింగు రికార్డింగు తీసి విన్నాను. నా మాట ఉంది, ఆ చప్పుడు లేదు. సెల్లారులో మోటారు ఆపించాను. ఏసీ పెట్టె మీద పావురాలను తోలాను. పక్క ప్లాటులో బండలు కొట్టడం ఎప్పుడు ఆగుతుందో చూసుకుని కూర్చున్నాను. అన్నీ ఆగిన ఒక మధ్యాహ్నం మళ్లీ వినిపించింది. ఆ తర్వాత ఇంకోసారి. భయం వెయ్యలేదు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, సంతోషం వేసింది.

నా ఉద్యోగంలో రోజూ ఉండే తగాదా ఒకటుంది. నేను ఒక తప్పు పట్టి పంపిస్తాను. రాసినవాడు "నా దగ్గర బానే ఉంది, మళ్లీ రావట్లేదు" అని దాన్ని మూసేస్తాడు. నేను మళ్లీ తెరుస్తాను. నీ దగ్గర రాకపోతే నేను చూసింది చూడనట్టా? అలాగని, కారణం తెలియకుండా ఏదో ఒక కారణం అంటగడితే దాన్నీ ఒప్పుకోను. తెలియకపోతే తెలియదని రాయమంటాను. ఆఫీసులో ఇంత మొండిదాన్ని, మా నాన్న విషయంలో మాత్రం ఎందుకు మెత్తబడాలి? దెయ్యమని ఒప్పుకోను, భ్రమని కూడా ఒప్పుకోను. నాకు వినిపించింది. ఎందుకో తెలియదు. ఇంతకుమించి నేనెవరికీ బాకీ లేను.

ఈ సంగతి నాలోనే ఉంచుకోవాల్సింది. బాబాయి ఫోన్‌లో మళ్లీ "ఇల్లు మూయకపోతే తిరిగొస్తాడే" అని మొదలెట్టేసరికి ఒళ్లు మండి, "వచ్చారు బాబాయ్. గొంతు సవరించుకున్నారు. ఎవరికీ ఏ కీడూ జరగలేదు" అనేశాను. అమ్మకి మాత్రం చెప్పొద్దని బతిమాలాను. ఆవిడ హడలిపోతుందని నా భయం.

ఆ ఆదివారమే బాబాయి దిగాడు. పైఅంతస్తులో ఉండే ఇంటి ఓనరమ్మను కూడా పిలుచుకొచ్చి హాల్లో కూర్చోబెట్టాడు.

"మా కోడలు కడుపుతోని ఉన్నది బిడ్డా" అందావిడ. "మీ మీద కోపంతోని చెప్తలేను. జర ఆర్నెల్లు యాడికన్న పోయి ఉండుండ్రి. మళ్ల ఇల్లు మీకే ఇస్త, ఇంకెవ్వలకియ్య."

"నిజాంపేటలో మా బావమరిది ఫ్లాటు ఖాళీగా ఉందండి, నేను మాట్లాడేశాను" అన్నాడు బాబాయి ఆవిడతో. తర్వాత నావైపు తిరిగి, "మీ అమ్మ మొహం చూశావుటే? భయంతో సగమైపోయింది" అన్నాడు.

"మేం ఎక్కడికీ రాం" అన్నాను. గొంతు పెరిగింది. నాకు వినిపించిన దాంట్లో భయపడాల్సింది ఏముందని ఆయన్ని గట్టిగానే అడిగేశాను. కాఫీ గ్లాసులతో వంటింట్లోంచి వచ్చిన అమ్మ నా వెనకే నిలబడి ఉందని చూసుకోలేదు.

"ఏం వినిపించింది?" అంది అమ్మ.

చెప్పక తప్పలేదు. ఎలా వచ్చిందో, ఏ వేళప్పుడో, మొత్తం చెప్పాను. అమ్మ గ్లాసులు కింద పెట్టింది.

"నేను ఇంట్లో ఉండగానేనా?"

"ఉండగానే అమ్మా."

"నలభై ఏళ్లు కాపురం చేశానే ఆయనతో" అంది. "నాకెందుకు వినపడలేదు?"

అమ్మ సగమైపోయింది భయంతో కాదని అప్పుడు అర్థమైంది. బాబాయి కంగారుపడి, "అదేం లేదు వదినా, దానికి ఆఫీసులో పని ఎక్కువై అలా అనిపించిందంతే. మైండు అలసిపోతే అలాగే ఉంటుంది" అన్నాడు. కారేసుకుని ఇంతదూరం వచ్చింది దెయ్యం కోసమే అన్నది ఆయనే మర్చిపోయాడు.

"నువ్వు ఊరుకో" అంది అమ్మ. మరిది మీద ఆవిడ గొంతెత్తడం నేనెప్పుడూ చూడలేదు. "ఈ ఇంటికి తాళం వేస్తే, ఆయన వచ్చి ఎవరికోసం చూసుకోవాలి? నాకూ ఒక్కసారి వినపడనీ. ఆ తర్వాత ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతాను."

ఓనరమ్మ లేచి, కొంగుతో కళ్లొత్తుకుని, "ఉండమ్మా, ఉండు. నేనేమన" అని అమ్మ భుజం తట్టి పైకి వెళ్లిపోయింది. వారం తిరక్కుండా కోడలిని పురిటికని పుట్టింటికి పంపేసింది.

ఆ తర్వాత నాకు మళ్లీ ఆ చప్పుడు వినిపించలేదు. అమ్మకి ఒక్కసారి కూడా వినిపించలేదు. మధ్యాహ్నాలు మా ఇంట్లో టీవీ పెట్టరు, మిక్సీ వెయ్యరు. వానాకాలంలో కూడా ఫ్యాను ఆపితే ఉక్కపోస్తుంది, అయినా అమ్మ ఆపేస్తుంది. బాబాయి ఇప్పటికీ ఫోన్ చేసి, ఇల్లు ఎప్పుడు మారుతున్నారని అడుగుతాడు. నేను వాదించడం మానేశాను. ఫోన్ అమ్మకిస్తాను. ఇంకా వినపడలేదని చెప్పి పెట్టేస్తుంది.