గట్టి బైండింగు

ఏడేళ్ళు దోహాలో భవనాలకు పరంజా కట్టే స్కాఫోల్డింగ్ పని చేసి, మోకాలు దెబ్బతిన్నాక ఆ పక్కనే ఉన్న అల్ రయ్యాన్‌లో ఒక ఆటసామాన్ల షాపులో సేల్స్‌మన్‌గా చేరాను. మంచు ఎలా ఉంటుందో తెలియదు గానీ, సెలవుల్లో మంచుకొండలకు వెళ్ళేవాళ్ళకు, మంచు మీద నిలబడి జారే స్నోబోర్డులు అమ్మేవాణ్ణి.

ఒక సాయంత్రం ఒక తెలుగమ్మాయి వచ్చి, బోర్డుకు బూట్లను పట్టి ఉంచే బైండింగులు అడిగింది. "కొండంతా తిరగాలి అన్నా. గెంతులు కూడా వేస్తాను," అంది.

అన్నిటికన్నా గట్టి జత తీశాను. "ఇది తీస్కోండ్రి మేడం. కాలు జర్రంత గూడ కదలది."

స్కాఫోల్డింగ్ మీద కదిలేదేదైనా ప్రాణం తీస్తుందని నేర్చుకున్నవాణ్ణి. షాపులో నమూనాకి పెట్టిన స్నోబోర్డు మీద ఆమెను నిలబెట్టి, నడుముకు సేఫ్టీ బెల్టు బిగించినట్టే పట్టీలు బలంగా లాగాను. ఆమె మోకాళ్ళు వంచి పక్కకు తిరగబోయింది. చీలమండ వంగలేదు. బోర్డుతో సహా దబ్బున పడింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

గబగబా పట్టీలు విప్పాను. ఆమె కాలు రుద్దుకుంటూ, "మీరెప్పుడైనా ఇది ఎక్కారా అన్నా?" అని మెల్లగా అడిగింది.

"లేదు మేడం. నేను మంచే చూడలె."

ఆమె కోప్పడలేదు. "గెంతి దిగేటప్పుడు కాలు కొంచెం వంగాలి. మధ్యరకం తీయండి. ముందు మీరెక్కండి," అంది.

మధ్యరకం జత బిగించుకుని ఎక్కాను. మోకాలు వంచితే పట్టీ కాస్త ఒదిగింది, కానీ వదల్లేదు.

పడకుండా ఉండడమొక్కటే నాకు తెలిసిన భద్రత. పడి లేచేవాళ్ళకు ఏం కావాలో ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు నా కాలు పెట్టి చూడని బైండింగు ఎవరికీ ఇవ్వను.