ఊడనంటే ఊడనన్న డిస్కు

కూర్చో. అలా మంచం అంచున కాదు, సరిగ్గా కూర్చో. ఒక చెవిలో ఆ తీగ పెట్టుకుని రెండో చెవి నాకిస్తే కుదరదు, రెండూ ఇటు తిప్పు. నేను చెప్పింది చెప్పినట్టు ఫోన్లో కొట్టాలి. మధ్యలో నీ సొంత పైత్యం కలిపి నన్ను మరీ మంచిదాన్ని చేసి రాశావంటే, చదివినవాళ్ళు నేను పోయాననుకుంటారు.

ఏం కొట్టావప్పుడే? “మా నాయనమ్మ ఆదర్శ మహిళ” అనా? తీసెయ్. నా కారు డిస్కు ఊడదీసిన సంగతి చెబుతాను, అది రాయి. నువ్వప్పుడు ఇక్కడ లేవు. మీ అమ్మా నాన్నా నిన్ను కాలేజీ హాస్టల్లో దింపడానికి వెళ్ళారు. ఇంట్లో నేనూ మీ తాతగారే.

నాకు కారు నడపడం యాభై ఎనిమిదో ఏట వచ్చింది. మీ నాన్న కొత్తది కొనుక్కున్నాక పాతది షెడ్డులో దుమ్ము కొట్టుకుని పడుంటే తాళం తీసుకున్నాను. ఎవరినీ అడగలేదు. అడిగితే కదా వద్దనేది! మా రొయ్యల చెరువు గట్ల మీద నేర్చుకున్నాను. కుడిపక్క చెరువు, ఎడంపక్క చెరువు, మధ్యలో బండి పట్టేంత గట్టు. అక్కడ నేర్చుకున్నదానికి భీమవరం బజారులో ఆటోలు ఒక లెక్కా?

అంతకుముందు పక్కూరు పేరంటానికి వెళ్ళాలన్నా మీ తాతగారి మొహం చూసుకుని అడగాలి. ఆయనకి తీరికుంటే మనసుండదు, మనసుంటే తీరికుండదు. కారు చేతికొచ్చాక నేనూ, పక్కింటి వదినా కలిసి తిరగని ఊరు లేదు. ఉప్పాడ దాకా పోయి మగ్గం మీద చీర చూసొచ్చాం. అక్కడ సముద్రం రోడ్డు మీదకి ఎగిరి కారుని నిలువునా తడిపేసింది. వదిన “తల్లీ గంగమ్మా” అని దణ్ణాలు పెడుతుంటే నేను వైపర్లు వేశాను.

మీ తాతగారికి ఇది గిట్టలేదు. పైకి మాత్రం “రోడ్లు బాగాలేవే” అనేవారు. రోడ్లకేమొచ్చింది? తాను పిలిచినప్పుడు మజ్జిగ పట్టుకొచ్చే మనిషి ఇంట్లో ఉండట్లేదని ఆయన బాధ. అలాగే రాయి, భయపడకు. ఆయనకి చిన్న అక్షరాలు కనపడవు.

ఇంతలో బ్రేకు పాడైంది. తొక్కితే పాదం కింద గడగడ కొట్టుకునేది, ముందు చక్రంలోంచి కీచుమని ఒకటే అరుపు. మెకానిక్కు లైటు వేసి చూసి, “డిస్కుని తుప్పు తినేసిందండి. ఉప్పు బోరు నీళ్ళతో కడుగుతున్నారాండి?” అన్నాడు. కడుగుతున్నాం మరి! తాగే నీళ్ళు కారుకి దండగని మీ తాతగారు చెరువు బోరు పైపే పట్టేవారు. రొయ్యలకి పడిన నీళ్ళు కారుకి పడవా అని ఆయన వాదన. కారేమైనా రొయ్యా?

డిస్కంటే ఏంటో రాయి, తెలీనివాళ్ళుంటారు. చక్రం వెనక అట్లపెనమంత ఇనప పళ్ళెం ఉంటుంది, మధ్యలో గిన్నె బోర్లించినట్టు ఉబ్బుతో. బ్రేకు తొక్కితే రెండు దిమ్మలు దాన్ని అటూ ఇటూ నొక్కి పట్టుకుంటాయి, చక్రం ఆగుతుంది. అది అరిగి, తుప్పు తిని, గుంటలు పడింది. తీసి కొత్తది వెయ్యాలి.

కొత్త డిస్కు నేనే కొనుక్కొచ్చాను. మర్నాడు కారు పట్టుకురమ్మన్నాడు మెకానిక్కు. మీ తాతగారు ఒప్పుకుంటేగా!

“చెరువులో నీళ్ళు చిమ్మే ఏరేటర్లు ఎన్ని విప్పి బిగించానో నీకు తెలుసా? ఈ పళ్ళేనికి మెకానిక్కెందుకే?” అన్నారు. అక్కడితో ఆగితే ఆయన మీ తాతగారెందుకవుతారు? “రేపు భోజనం వేళకి డిస్కు ఊడిందా, కారు నీ దగ్గరుంటుంది. ఊడలేదా, మీ తమ్ముడికిచ్చేస్తా. చెరువుకి మేత బస్తాలు తోలుకుంటాడు.”

“ఊడదియ్యాల్సింది మీరు, పోయేది నా కారాండీ?”

“అవును. ఏం?”

“ఏం లేదండి. న్యాయం ఎంత బాగుందో చూస్తున్నాను.”

మర్నాడు పొద్దున్నే మా తమ్ముడు దిగాడు, సాయానికట. సంచీలో సుత్తి, డ్రిల్లింగు మిషను, బోల్టులు, అన్నీ తెచ్చాడు. కానీ వాడు చేసిన మొదటి పనేంటో తెలుసా? వెనక తలుపు తెరిచి టేపు పెట్టి కొలవడం.

“ఏంట్రా ఆ కొలతలు?”

“ఏం లేదక్కా. వెనక సీటు పీకేస్తే ఎన్ని బస్తాలు పడతాయో అని, ఊరికే.”

“ముందు నీ పళ్ళు పీకుతాను, ఎన్ని అన్నం ముద్దలు పడతాయో కొలుద్దువు గాని!”

సరే, మొదలెట్టారు. చక్రం నట్లు కాస్త వదులు చేసి, జాకీ ఎత్తి, కింద సిమెంటు దిమ్మ తోసి, చక్రం తీశారు. బ్రేకు దిమ్మలుండే ఇనప డొప్పని కూడా విప్పారు. దాన్ని గొట్టానికి వేలాడనివ్వకూడదు, బ్రేకు నూనె గొట్టం తెగుద్ది. పైన కట్టడానికి తాడు దొరక్క మీ తాతగారు దండెం మీద ఆరేసిన నా లంగా బొందు లాక్కొచ్చి కట్టారు. వీధిలో పోయేవాళ్ళందరికీ కనపడేట్టు, ఎర్ర బొందు. ఓర్చుకున్నాను. నా కారు కదా.

ఇక మిగిలింది డిస్కు. చేత్తో లాగితే వచ్చేయాలిట. మీ తాతగారు లాగారు. రాలేదు. పంచె ఎగ్గట్టి రెండు కాళ్ళూ తన్నిపట్టి లాగారు. డిస్కు రాలేదు గానీ పంచె వచ్చింది. లోపల నిక్కరుంది కాబట్టి వంశం పరువు దక్కింది.

“కొట్టరా బామ్మర్దీ!”

మా తమ్ముడు కొట్టడం మొదలెట్టాడు. గుళ్ళో గంట కొట్టినట్టు, టంగు, టంగు అని, ఎక్కడ నొప్పెడుతుందో అన్నట్టు.

“ఏరా, కొడుతున్నావా, జోకొడుతున్నావా?” అన్నాను.

“ఆయ్, గట్టిగా కొడితే విరిగిపోద్దక్కా.”

“విరిగితే విరగనీరా, ఎలాగూ పారేసేదేగా!”

“మరేననుకో...” అని మళ్ళీ టంగు, టంగు. ఊడకపోతే కారు వాడిది కదా, వాడికెందుకు తొందర!

మీ తాతగారు సుత్తి లాక్కున్నారు. ఆయన కొట్టిన దెబ్బలకి కారు ఊగింది, కోళ్ళు గోడ దూకాయి, పక్కింటి వదిన గోడ మీంచి తొంగి చూసి “ఏంటండీ, ఇల్లు పడగొడుతున్నారా?” అంది. డిస్కు మాత్రం కదల్లేదు. మీ తాతగారు చెమట తుడుచుకుని, “ఇవాళ అష్టమే. అందుకే” అన్నారు. కాసేపయ్యాక, “దసరాకి కారుకి పూజ చేశావా?” అని అడిగారు. అమ్మవారికి రాక్షసుల్ని చంపే పని చాలక, మా ఇంటి బ్రేకులు కూడా చూడాలట.

గడియారం చూశాను. పదకొండున్నర దాటింది. ఒంటిగంటకి మా ఇంట్లో భోజనం. భయమేసింది, నిజం చెబుతున్నా. కారుంటే నేనేమీ పెళ్ళికూతుర్నైపోను గానీ, లేకపోతే మళ్ళీ ఆ మొహం చూసుకుని అడగడమే.

అప్పుడో పని చేశాను. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద ఎసరు దింపేసి గ్యాసు కట్టేశాను. ఆయన అన్నది ఒంటిగంటా? కాదు, భోజనం వేళ. భోజనం వేళంటే నేను వడ్డించినప్పుడు. నేను వండను, వేళ కాదు!

బయటికొచ్చి వాళ్ళిద్దరికీ మజ్జిగ ఇచ్చి అరుగు మీద కూర్చోబెట్టాను. నేను చక్రం దగ్గర పీట వేసుకున్నాను. కొత్త డిస్కుని అట్టపెట్టెలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, పాతదాన్నీ దాన్నీ పక్కపక్కన చూశాను. గాజులు కొనేటప్పుడు చెయ్యమూ? పాత గాజు పట్టుకెళ్ళి కొత్తదానితో సరిచూసుకుంటాం. ఈ మొగాళ్ళిద్దరూ పొద్దుట్నుంచీ కొట్టారు గానీ, ఆ పెట్టె మూత తియ్యలేదు.

కొత్తదానికి చక్రం బోల్టుల కన్నాలు కాక, మధ్య ఉబ్బు మీద ఇంకో నాలుగు చిన్న కన్నాలున్నాయి. రెండింటికి అంచు వాలుగా చెక్కుంది. రెండింటికి లోపల బోల్టు తిరిగే మరలున్నాయి. పాతదానికి ఒక్కటీ లేదు. మధ్యలో అంతా నున్నగా, నల్లగా నిగనిగలాడుతోంది. తుప్పు పట్టిన ఇనుము ఎక్కడైనా నిగనిగలాడుతుందా?

గోరు పెట్టి గీరాను. గోట్లోకి నల్లగా ముద్ద వచ్చింది. వాసన చూశాను. తారు!

“ఏమండీ, ఇక్కడ తారెందుకుందండీ?”

మీ తాతగారు మజ్జిగ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నారు. గ్లాసు ఖాళీ.

“ఏమండీ, మిమ్మల్నే!”

“మొన్న వానాకాలం పంచరు వేయించినప్పుడు చూశానే. తుప్పు పడుతోంది. చెరువు తూము తలుపుకి పూయగా తారు మిగిలింది. పారేయడమెందుకని...”

“కారుకి పూశారా?”

“రెండు పూతలు వేశాను” అన్నారు. అదీ గర్వంగా!

మా తమ్ముడు నవ్వబోయి మొహం పక్కకి తిప్పుకున్నాడు. నేను కిరసనాయిలు, కొబ్బరిపీచు తెచ్చి, మాడిన గిన్నె తోమినట్టు తోమాను. కాసేపటికి ఒక కన్నం, ఇంకో కన్నం, అలా నాలుగూ బయటపడ్డాయి. వాలు కన్నాలు రెండింట్లోనూ రెండు స్క్రూలు, తలలు లోపలికి దిగిపోయి కూర్చున్నాయి. డిస్కుని పట్టి ఉంచినవి అవే. స్క్రూ బిగించి ఉన్నదాన్ని సుత్తితో కొడితే ఊడుతుందా, అష్టమైనా నవమైనా!

స్క్రూడ్రైవరు పెట్టి, వెనక నాలుగు దెబ్బలు వేసి తిప్పితే మొదటిది కిర్రుమని తిరిగింది. రెండోదాని తల అరిగిపోయింది. డ్రిల్లింగు మిషను కావాలి. అది మా తమ్ముడిది. వాడు సంచీ సర్దుకుంటూ, “దానికి కరెంటు వైరు పొడుగు చాలదేమో అక్కా” అన్నాడు.

“ఒరేయ్. ఇవాళ చేపల పులుసు. వైరు చాలితే నీకు విస్తరేస్తాను.”

వైరు చాలింది. స్క్రూ తల ఎగిరిపోయింది. అయినా డిస్కు తుప్పుకి అతుక్కునే ఉంది. ఇక మరలున్న కన్నాలు రెండు. వాటిని చూడగానే మీ తాతగారే అన్నారు, పాపం, ఆ మాట ఒప్పుకోవాలి: “ఏరేటరు ఇరుసు పట్టేస్తే ఇలాగే బోల్టుతో నెడతామే.” వాళ్ళ సంచీలో సరిపడే బోల్టులు దొరికాయి. రెండు కన్నాల్లోనూ బిగించి, ఇదొక చుట్టు, అదొక చుట్టు, సమంగా తిప్పుతూ పోయాం. బోల్టు వెనక ఇనుముని తన్ని డిస్కుని ముందుకు నెడుతుందన్నమాట. బిగుసుకుంది, బిగుసుకుంది, ఇక తిరగనంది. మా తమ్ముడు ఒక్క దెబ్బ, ఈసారి నిజం దెబ్బ, వేశాడు.

ఢామ్మని తుపాకీ పేలినట్టు చప్పుడు. డిస్కు ఊడి మీ తాతగారి ఒళ్ళో పడింది. ఆయన దాన్ని చంటిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకుని అలా కూర్చుండిపోయారు. తుప్పు రాలి తెల్ల పంచె కాస్తా కావి పంచె అయింది.

టైము రెండుంపావు.

“భోజనం వేళ దాటిపోయింది” అన్నారు నీరసంగా.

“ఎక్కడ దాటిందండీ? ఎసరే పెట్టలేదు.”

తుప్పంతా గీకి, కొత్త డిస్కు ఎక్కించి, దిమ్మలు వెనక్కి నెట్టి డొప్ప బిగించి, చక్రం పెట్టారు. బ్రేకు పెడలు నాలుగైదుసార్లు తొక్కి, గట్టిపడ్డాకే బండి కదపాలని మెకానిక్కు ముందే చెప్పాడు. నేను సీట్లో కూర్చుని తొక్కుతున్నాను. ఇంతలో మీ తాతగారు వెళ్ళి గేటు బయట రోడ్డు మధ్యలో, కారుకెదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

“అక్కడెందుకండీ?”

“ఆగుతుందో లేదో చూద్దాం. రా!”

నలభై ఏళ్ళ కాపురంలో మనిషి ఏరికోరి నా కారు ముందు నిలబడటం అదే మొదలు. నేనేమీ అనుకోలేదు అని రాయి. కాదు, అనుకున్నాననే రాయి. తమ్ముడు “బావా, పక్కకి జరుగు” అంటున్నాడు. ఆయన జరగరు. నేను కదిలించాను. దగ్గరకొచ్చేదాకా చూసి తొక్కాను. చప్పుడు లేదు, గడగడ లేదు. ఆయన మోకాళ్ళకి జానెడు దూరంలో ఆగింది. కళ్ళు మూసుకున్నారు, కానీ కదల్లేదు, అది మాత్రం మెచ్చుకోవాలి.

కళ్ళు తెరిచి బానెట్టు మీద రెండుసార్లు తట్టి, “సరే, కారు నీ దగ్గరే ఉండనీ” అన్నారు. మా తమ్ముడు, “మేత బస్తాలకి ఆటోనే మేలక్కా, తలుపుల్లేవు” అన్నాడు.

అయిపోయిందనుకుంటున్నావా? ఆయన అటు తిరిగొచ్చి, ఆ కావి పంచెతోనే పక్క సీట్లో ఎక్కి కూర్చుని, “పద, ఎక్కడికైనా పోదాం” అన్నారు. నేనేమన్నానో ఇది మాత్రం తప్పుల్లేకుండా రాయి. “ఎక్కడికైనా అంటే కుదరదండీ, వదినా నేనూ రేపు తుని వెళ్దామనుకున్నాం, మీరొస్తే వెనక సీట్లో కూర్చుని మా ఇద్దరి మాటలూ వింటూ, నోరెత్తకుండా...”

“అత్తయ్యగారూ! ఆ కథ తర్వాత చెబుదురు గాని, వడ్డించేశానండి, అన్నం చల్లారిపోతోంది, ఇద్దరూ లేచి రండి!”