నేను బోర్లించిన గ్లాసు

మొన్న పింఛను కాగితాల పని మీద హనుమకొండ నుంచి జనగామ వెళ్ళి, తిరుగు బస్సుకు ఇంకా గంట టైముందని రోడ్డు మీద కొత్తగా వెలసిన ఒక హోటల్లోకి వెళ్ళాను. "ఒక్కరేనా మేడమ్?" అని గుమ్మంలోనే అడిగాడు వడ్డించే అతను. అవునన్నాను. ఇద్దరు కూర్చునే బల్ల చూపించి, నేను కూర్చునే లోపలే ఎదుటివైపు ఉన్న ప్లేటూ గ్లాసూ తీసుకుని వెళ్ళిపోయాడు. అతని తప్పేమీ లేదు, బల్ల మీద చోటుంటే నాకే సౌకర్యం. కానీ ఆ గ్లాసు అలా వెళ్ళిపోతుంటే ప్రాణం ఉసూరుమంది. ఇక్కడి రైలు స్టేషనెదుట ఉండిన పెద్ద హోటలును ఎరిగిన నా ఈడు వాళ్ళెవరైనా ఉంటే, అది ఎందుకో వాళ్ళకు చెప్పక్కర్లేదు.

నైజాం కాలంలో కట్టిన రెండంతస్తుల రాతి భవంతి అది. బోర్డు మీద ఏదో పేరుండేది గానీ రిక్షావాళ్ళ నుంచి తహసీల్దారు దాకా అందరికీ పెద్ద హోటలే. గుమ్మంలో నిలువెత్తు అద్దం, పాలరాతి బల్లలు, టేకు కుర్చీలు, మేడ మీద ఆఫీసర్లు దిగే గదులు. అక్కడ కొన్ని పద్ధతులుండేవి. బండి కూత వినబడగానే చాయ్ పొయ్యి మీదికెక్కేది, చంటిపిల్లల తల్లి నోరు తెరిచి అడగకముందే వేడి పాలు వచ్చేవి. వాటన్నిటిలో నాకు మరపురానిది ఎదురు గ్లాసు. ఎవరైనా ఒంటరిగా భోజనానికి కూర్చుంటే ఎదుటి కుర్చీ ముందు కూడా ఒక గ్లాసు నిలబెట్టేవారు. ఆ కుర్చీలో ఎవరైనా వచ్చి కూర్చోవచ్చని దాని అర్థం. ఒంటరిగా వచ్చిన ఇంకొకరు కూర్చునేవారు, ఎవరూ లేకపోతే యజమానే గల్లాపెట్టె వదిలి వచ్చి చాయ్ తాగుతూ కబుర్లు చెప్పేవాడు. ఊరుగాని ఊళ్ళో రైలు దిగిన మనిషి గోడను చూస్తూ అన్నం తినకూడదని ఆయన తండ్రి పెట్టిన కట్టు అది. ఎవరూ వద్దనుకుంటే గ్లాసు బోర్లిస్తే సరి. నేనక్కడ తిన్నన్నాళ్ళూ గ్లాసు బోర్లించిన వాళ్ళను చూడలేదు, నన్ను తప్ప.

అరవై తొమ్మిది ఉద్యమంలో మా ట్రైనింగు పరీక్షలు వాయిదా పడి, ఆ గొడవంతా సద్దుమణిగాక గాని నాకు జనగామ ఆడపిల్లల బడిలో ఉద్యోగం రాలేదు. మాది కాటారం దగ్గర అడవి అంచు పల్లె, ఇంటికి పోవాలంటే ఎన్నో బస్సులు మారాలి. బాపు ఉద్యోగానికి ఒప్పుకున్నాడు గానీ నాతో మాట్లాడడం మానేశాడు. అద్దెగదిలో ఇంటావిడ పొయ్యి పెట్టనివ్వలేదు కనుక రెండు పూటలా పెద్ద హోటలే గతి. ఆడవాళ్ళ కోసం పరదా కట్టిన చిన్న గది ఒకటుండేది, అందులో చాలా రోజులు నేనొక్కదాన్నే. మొదటి రోజు ఎదురు గ్లాసు చూసి, వచ్చి కూర్చునేది ఎవరో అని పరదా వైపే చూస్తూ కూర్చున్నాను. పరదా తొలగించుకుని వచ్చింది యజమాని తల్లి. డెబ్బై దాటిన మనిషి, కాళ్ళకు వెండి కడియాలు. నన్ను ఎగాదిగా చూసి, "గింతేనా తినుడు? పిట్ట గూడ ఇంతకన్న ఎక్కువ తింటది గద బిడ్డా" అన్నది.

ఆ రోజు నుంచి అవ్వ రాని పూట లేదు. సాసర్లో చాయ్ పోసుకుని ఊదుకుంటూ, బడిలో ఎవరిని కొట్టావు, మీ అడవి దిక్కు పులులున్నాయా, పెండ్లి ఎప్పుడు అని అడిగినవే అడిగేది. ఒక్కోసారి విసుగొచ్చేది కూడా. అవ్వ ఎదురుగా ఉన్నంతసేపు పరదా వైపు తొంగిచూసే ధైర్యం ఎవరికీ ఉండేది కాదన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు. మేడ మీది తన గదిలో ఆవిడను పలకరించే వాళ్ళు లేరన్న సంగతి అసలే తట్టలేదు.

ఏడెనిమిది నెలలయ్యాక బాపు నుంచి కార్డు వచ్చింది. మొదటి కార్డు కదా అని సంబరంగా చదివాను. దాదాపు ఖాయమనుకున్న సంబంధం వాళ్ళు, హోటల్లో కూడు తినే పిల్ల మాకొద్దన్నారట. ఇంకో మాట లేదు. ఆ మధ్యాహ్నం పరదా గదిలో కూర్చుంటే ఎదురుగా ఆ గ్లాసు. బాపు మీద, ఆ పెళ్ళివారి మీద రావలసిన కోపమంతా దాని మీదికి వచ్చింది. చటుక్కున బోర్లించాను. కాసేపటికి పరదా కింద కడియాల కాళ్ళు కనిపించాయి. పరదా కొంచెం కదిలింది. తర్వాత ఆ కాళ్ళు మెల్లగా వెనక్కి తిరిగాయి.

మర్నాటికి కోపం పోయి సిగ్గు మిగిలింది. అవ్వ వస్తే క్షమించమని అడుగుదామనుకుని వెళ్ళాను. వడ్డించే అతను ఎదురు గ్లాసు తెచ్చి, బోర్లించి పెట్టి పోయాడు. రాత్రీ అంతే, ఆ తర్వాతి రోజూ అంతే. నువ్వు వద్దన్నావు, మాకూ నువ్వు వద్దు అని చెబుతున్నారనుకున్నాను. నేనే తిప్పితే సిగ్గు లేకుండా అడుక్కున్నట్టుంటుందని చెయ్యి చాచలేదు, మేడ మెట్లు ఎక్కలేదు. మహబూబాబాద్‌కు బదిలీ అయ్యేదాకా రెండు నెలలు ఆ బోర్లించిన గ్లాసును చూస్తూ తిన్నాను. అంత ఒంటరితనం నేను మళ్ళీ ఎరగను.

బొగ్గు బావుల కోసం భూపాలపల్లిలో క్వార్టర్లు లేస్తున్న రోజుల్లో, అక్కడి బడి నుంచి పరీక్ష డ్యూటీకి మళ్ళీ జనగామ వెళ్ళాను. పెద్ద హోటలు గుమ్మంలోని అద్దం అడ్డంగా బీటవారి ఉంది, యజమాని జుట్టు తెల్లబడింది. అవ్వ ఎట్లా ఉందని అడిగితే, పోయి నాలుగేళ్ళయిందన్నాడు. నేను నా తప్పు చెప్పుకోబోయాను. ఆయన వింతగా చూశాడు.

"బోర్లిచ్చినోళ్ళే లేపాలె గద టీచరమ్మా. వాళ్ళు లేపేదాంక మేం బోర్లిచ్చే పెట్టాలె, గది మా బాపు పెట్టిన కట్టు. మీకు ఎవ్వలూ చెప్పలేదా? మా అవ్వ పూటపూటకు అడుగుతుండె, పిల్ల గ్లాసు లేపిందార అని."

ఆ రెండు నెలలూ నేను పరదా ఇవతల, ఆవిడ మేడ మీద, ఒకరి కోసం ఒకరం కూర్చున్నాం. బాపు రాసిన ఆ కార్డు తర్వాత నాకు ఏ సంబంధమూ కుదరలేదు. కుదిర్చేవాళ్ళ కోసం ఎదురుచూడడమే తప్ప అందులో కూడా నేను చెయ్యి చాచింది లేదు.

పెద్ద హోటలు ఇప్పుడు లేదు. దాని చోట సెల్‌ఫోన్ల దుకాణాలున్నాయి. ఇప్పటి హోటళ్ళలో తోడు కావాలో వద్దో ఎవరూ అడగరు, వద్దనే అనుకుంటారు. సగం నియమం తెలియక నేను అవ్వను పోగొట్టుకున్నాను, ఇప్పుడు నాకు తెలిసిన సగమూ లేదు.

మొన్న నా పక్క బల్ల దగ్గర మెడలో ఆఫీసు కార్డుతో ఒక పిల్ల ఒంటరిగా కూర్చుని, అన్నం కెలుకుతూ ఫోను చూసుకుంటోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా గ్లాసు పట్టుకుని లేచి వెళ్ళాను. ఎదుటి కుర్చీలో తన సంచి ఉంది. తలెత్తి చూసింది. సంచి తియ్యి బిడ్డా అంటే సరిపోయేది. అనలేక, హనుమకొండ బస్సు ఎక్కడ ఆగుతుందని తెలిసిందే అడిగి నా బల్ల దగ్గరికి వచ్చేశాను.

బిల్లు కట్టి గుమ్మం దాటుతూ వెనక్కి చూస్తే సంచి ఆ పిల్ల ఒళ్ళో ఉంది, ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. అప్పటికే బస్సు వచ్చి నిలబడింది. నేను ఎక్కేశాను.