రేవు మామ్మగారి పొత్తిగుడ్డలు

ఆరాలు తీయడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. ముప్పై ఏళ్ళు సైన్సు పాఠాలు చెప్పడంతో అది ఇంకాస్త ముదిరింది. ఊరుకున్నంత ఉత్తమం లేదని మా ఆయన రోజుకోసారైనా అంటారు. మనవరాలు పుట్టిన నెలకే నేను అమలాపురంలో మామ్మల జట్టులో చేరాను. ఆ మాట విని ఆయన, పాపం వాళ్ళ పని అయిపోయిందన్నారు.

జట్టులో చేరడానికి మామ్మ అయితే చాలు. సొంత మనవలు లేకపోతే తోడబుట్టినవాళ్ళ మనవలైనా సరే. పిల్లల ఆసుపత్రి కోసం మేం రెండు పనులు చేస్తాం. ఒకటి చందాలు. నెలలు నిండని పిల్లల్ని వెచ్చగా ఉంచే వార్మర్ కొనడానికి ఏడాదంతా తిరిగాం. నలుగురం కలిసి ఏ బట్టల కొట్టుకో వెళ్ళి, కుర్చీల్లో కూర్చుని మంచినీళ్ళు అడుగుతాం. ఆ ఓనరు చిన్నప్పుడు ఎవరి దొడ్లో జామకాయలు కోస్తూ దొరికిపోయాడో మాలో ఒకావిడ మొదలుపెడుతుంది. కథ సగానికి రాకముందే గల్లాపెట్టె తెరుచుకుంటుంది. మామ్మలకి లేదని చెప్పగలిగినవాడు కోనసీమలో ఇంకా పుట్టలేదు.

రెండోది గుడ్డల పని. పుట్టిన బిడ్డకి కొత్తబట్ట కట్టం కదా. పాత నూలుచీర చింపి పొత్తిగుడ్డలు చేస్తాం. అది పిల్లాపాపలతో చల్లగా బతికిన పెద్దావిడ చీరైతే ఆ ఆయుష్షు బిడ్డకి వస్తుందంటారు. మా జట్టులో హిందువులూ ఉన్నారు, మాలాంటి క్రైస్తవులూ ఉన్నారు. ఇలాంటివి మేం నమ్మం అని చర్చిలో గట్టిగానే చెబుతాం, ఇంటికొచ్చి మనవరాలికి అత్తగారి చీరే చింపుతాం. నేనూ చింపాను. గురువారాల్లో జట్టు పెద్ద ఇంటి వరండాలో చేరి, ఊరి వాళ్ళిచ్చిన చీరలు ఉడకబెట్టి, ఆరేసి, కత్తిరించి, అంచులు కుట్టి, ఇస్త్రీ చేస్తాం. ఆమెని అందరూ పెద్దమామ్మగారంటారు. శుక్రవారం ఆ కట్టలు వార్డుకి చేర్చడం నా వంతు.

సముద్రం దగ్గర రేవు నుంచి ఒకావిడ రెండు ఆటోలు మారి వచ్చేది. చేపల వేట చేసుకునే కుటుంబం. చెల్లెలి మనవల లెక్కన జట్టులో ఉంది. ఆవిడ తన చీరలే చింపి, ఇంటి దగ్గరే కుట్టుకుని తెచ్చేది. వలలు బాగుచేసిన చెయ్యి కాబట్టి కుట్టుకుట్టుకీ ఓ ముడి వేసేది. బిడ్డ ఒంటికి గుచ్చుకోకుండా ముడులన్నీ పైవైపే ఉండేవి. అంత శ్రద్ధ మాలో ఎవరికీ లేదు. వచ్చిన ప్రతిసారీ నన్ను ఒక్కటే అడిగేది, వార్డులో పిల్లలంతా బాగున్నారా అని. తన గుడ్డ ఎవరికి కట్టారని మాత్రం ఎప్పుడూ అడగలేదు.

నాలుగు నెలలు గడిచాక నాకు తట్టింది, వార్డులో ఆ ముడుల గుడ్డ నేను ఒక్కసారి కూడా చూడలేదు. మంచాలన్నీ వెతికాను. ఉతికిన గుడ్డలు ఆరేసే చోట కూడా చూసి నర్సు చేత చీవాట్లు తిన్నాను. ఎక్కడా లేదు. ఒక గురువారం కత్తెర కోసం పెద్దమామ్మగారి ట్రంకుపెట్టె తెరిస్తే అన్నీ అందులోనే ఉన్నాయి. ఇస్త్రీ చేసి, కట్టలు కట్టి, వేపాకు వేసి మరీ దాచారు.

"ఉండనివ్వండి. ఆవిడ మంచికేనండి," అంది పెద్దమామ్మగారు, పెట్టె మూసేస్తూ.

ఎవరి మంచి? రేవు మనుషులంటే చిన్నచూపా? మా నానమ్మ వరికోతలకి వెళ్ళిన మనిషి. గుమ్మం బయట నిలబడి దోసిట్లో నీళ్ళు తాగిన సంగతులు ఆవిడ నోటే విన్నాను. ఆ కోపం నాలో ఇంకా పచ్చిగానే ఉంది. వారం రోజులు కూపీ లాగితే రేవు మామ్మగారిని ఎక్కించుకొచ్చే ఆటో అతను చెప్పాడు. ఆవిడకి ముగ్గురు పుట్టి ముగ్గురూ పోయారట. ఓహో, అదా సంగతి అనుకున్నాను. పిల్లలు దక్కని మనిషి చీర పిల్లలకి పనికిరాదన్నమాట. చదువుకున్నవాళ్ళం, దేవుణ్ణి నమ్మేవాళ్ళం, మాకేనా ఈ బుద్ధి అని ఒళ్ళు మండిపోయింది.

శ్రావణంలో ముసురు పట్టింది. వారమంతా ఎండ లేదు. ఉతికిన గుడ్డలన్నీ తాళ్ళ మీదే చెమ్మగా వేలాడుతున్నాయి. ఆ సమయంలో నర్సు ఫోను చేసింది. రాజోలు వైపు నుంచి ఏడో నెలలోనే పుట్టిన ఆడపిల్లని తెచ్చారట, పొడిగుడ్డ ఒక్కటీ లేదట. నేను పెద్దమామ్మగారింటికి వెళ్ళి తిన్నగా పెట్టె తెరిచాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని వద్దండీ, వద్దండీ అని బతిమాలింది. నేను వినకుండా ఒక కట్ట పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. ఆ అరచెయ్యంత పిల్లకి నర్సు రేవు మామ్మగారి గుడ్డ చుడుతుంటే దగ్గరుండి చూశాను. ఏదో గొప్ప న్యాయం చేసేసినట్టు ఛాతీ ఉప్పొంగింది.

గురువారం రేవు మామ్మగారు రాగానే పక్కకి తీసుకెళ్ళి సంబరంగా చెప్పాను. ఆవిడ చేతిలో సంచి కింద పెట్టేసి గోడకి ఆనుకుంది.

"ఎందుకు కట్టేరండీ? పెట్టెలో ఉంచమని నేనే కదండీ పెద్దమామ్మగారి చేత ఒట్టేయించుకున్నాను."

ఆవిడే మెల్లిగా చెప్పింది. "మాయింట్లో పెద్దావిడ లేదండీ చీర ఇవ్వడానికి. ముగ్గురికీ నా చీరే చింపి కట్టేను. ఒక్కరూ పదకొండో రోజు చూడలేదండీ. కుట్టకుండా ఉండలేను. పెట్టెలో ఉంటాయన్న ధైర్యంతోనే కుట్టేనండి."

చీరకీ చావుకీ సంబంధం ఉండదని, అది ఏ రోగమో ఇన్ఫెక్షనో అయి ఉంటుందని క్లాసులో చెప్పినట్టు చెప్పాను. ఆవిడ ప్రతి మాటకీ "ఆయ్," అంది. ఒక్కటీ ఆవిడ లోపలికి వెళ్ళలేదు. పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటం అంటారు. నా ఆరా నాకు సరదా తీర్చింది, ఆవిడ నెత్తిన నాలుగో బిడ్డని పెట్టింది.

మర్నాటి నుంచి ఆవిడ రోజూ మొదటి ఆటోకే వచ్చి ఆసుపత్రి మెట్ల కింద బెంచీ మీద కూర్చునేది. వార్డులోకి రమ్మంటే వచ్చేది కాదు, తన నీడ పడకూడదనేది. నేను పైకీ కిందకీ తిరిగేదాన్ని. పాలు తాగింది, ఇవాళ కళ్ళు తెరిచింది, కాస్త బరువు పెరిగింది. ప్రతి కబురుకీ ఆవిడ "ఆయ్," అని మళ్ళీ మెట్లవైపే చూసేది. పెద్దమామ్మగారు క్యారేజీలో అన్నం తెచ్చి పక్కన కూర్చునేది. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

పుట్టిన తొమ్మిదో రోజు పిల్ల ఊపిరి తీసుకోవడానికి కష్టపడింది. డాక్టరు ఆక్సిజన్ పెట్టాడు. నేను వార్డు అద్దం ఇవతల నిలబడి ఆ ముడుల వంకే చూస్తూ ఉన్నాను. నర్సుని అడిగి ఆ గుడ్డ మార్పించేద్దామా అనిపించింది. ఇంతమంది పిల్లలకి సైన్సు చెప్పిన నాకే. సిగ్గేసింది. కానీ సిగ్గు కంటే భయమే ఎక్కువగా ఉంది. ఆ రోజు కిందకి వెళ్ళి అంతా బాగానే ఉందని అబద్ధం చెప్పాను. ఆవిడ నా మొహం చూసి కొంగు నోట్లో కుక్కుకుంది.

పదకొండో రోజు గడిచింది. ఆవిడ లెక్క మరిచిపోయినట్టే ఏమీ మాట్లాడలేదు. నేనూ ఆ ఊసెత్తలేదు. ఇరవై నాలుగో రోజు పిల్లని ఇంటికి పంపారు. తల్లి బిడ్డనెత్తుకుని మెట్లు దిగుతుంటే ఒక్క నిమిషం ఆగమన్నాను. బెంచీ మీదున్న ఈవిడెవరో చెప్పాను. ఆ అమ్మాయికి ముసలావిడ కళ్ళనీళ్ళు చూసి ఏం అర్థమైందో, ఎత్తుకోండి మామ్మగారూ అని బిడ్డని చాపింది.

ఆవిడ ఎత్తుకోలేదు. చేతులు రెండూ చీరకి తుడుచుకుంది. తర్వాత చూపుడువేలు మెల్లిగా పిల్ల ముక్కు దగ్గర పెట్టి చూసుకుంది.

"వెచ్చగా వత్తందండీ," అంది నాతో.