గోరంత ముందుకు

తల నెరిసినా ఆయన్ని అందరూ చిన్న మెకానిక్ అనే పిలుస్తారు. పెద్ద మెకానిక్ పక్క వీధిలోనే ఉన్నాడు మరి. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఈయనకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే, ఒకే షెడ్డులో తండ్రి దగ్గర పని నేర్చుకున్నవాళ్లే. తండ్రి పోగానే ఎడమొహం పెడమొహం అయ్యారు. ఎందుకని అడిగితే ఇద్దరికీ సరిగా గుర్తులేదు. కోపానికి మాత్రం కరువు లేదు.

మధ్యలో నలిగేది ఇద్దరి నడుమ పుట్టిన అక్క, అన్నకు చెల్లెలు. తండ్రి పాత మోటారుసైకిల్ ఆవిడ వాటాకొచ్చింది. దాని మీదే లాడ్జీలకు ఉతికిన దుప్పట్ల మూటలు చేరవేసి బతుకు ఈడుస్తోంది. బండి ఆగితే పొయ్యి ఆగినట్టే. ఒకడికే చూపిస్తే రెండోవాడు అలుగుతాడని, ఒకసారి అన్న దగ్గరికీ ఒకసారి తమ్ముడి దగ్గరికీ తీసుకెళ్తుంది.

అన్నది మెత్తటి చెయ్యి. కిక్ కొట్టేది చెల్లెలు, కిక్ ఎదురు తన్ని కాలు నొప్పెట్టకూడదని నిప్పురవ్వ కాస్త ఆలస్యంగా పడేలా పాయింట్ల ప్లేటును వెనక్కి తిప్పుతాడు. వాల్వులను తెరిచే టాపెట్లు చప్పుడు చెయ్యకుండా బిగిస్తాడు. తమ్ముడికి అది చూస్తే ఒళ్లు మండిపోతుంది. ఎత్తు ఎక్కలేనిది కూడా ఒక బండేనా, టాపెట్లు నోరు మూసుకుంటే వాల్వులు మాడిపోవూ అని తిట్టుకుంటూ వాటిని వదులు చేసి, బండికి బలం రావాలని రవ్వ ముందే పడేలా ప్లేటును గోరంత ముందుకు జరుపుతాడు. అన్న మళ్లీ వెనక్కి. ఏళ్ల తరబడి వాళ్లు మాట్లాడుకున్నదంతా ఆ ప్లేటు మీదే.

ఆ రోజు అక్క తమ్ముడి షెడ్డుకు బండి తెచ్చి, "అన్నయ్య ఈసారి..." అని మొదలుపెట్టింది.

"వాడి పేరు నా షెడ్డులో ఎత్తకు" అన్నాడు.

ఆవిడ మళ్లీ నోరు తెరిచింది. ఆయన సుత్తి అందుకుని ఊరికే ఒక రేకును బాదసాగాడు. ఆవిడ బండి అక్కడే వదిలి బస్సెక్కి వెళ్లిపోయింది.

ఇంజను చల్లారాక మూత విప్పి, టాపెట్ల సందును గేజి రేకు పెట్టి కొలిచాడు. సరిగ్గా తను పోయినసారి పెట్టిన సందే. మూత కూడా విప్పకుండా పంపేశాడు దొంగసచ్చినోడు, అని నవ్వుకున్నాడు. ప్లేటును మాత్రం తిప్పకుండా వదిలే రకం కాదని ఆయన గట్టి నమ్మకం. బల్బు తగిలించి, రవ్వ ఎప్పుడు పడుతోందో చూసుకోవాలి. చూడలేదు. అన్న ఎంత తిప్పుతాడో తన వేళ్లకు కంఠతా వచ్చు. అలవాటుకొద్దీ గోరంత ముందుకు జరిపి బిగించాడు. ఆయన బరువుకు బండి ఒక్క కిక్కుకే లేచింది. సాయంత్రం తనే తీసుకెళ్లి అక్క వాకిట్లో పెట్టి వచ్చాడు.

పొద్దున అక్క మూటలు కట్టుకుని కిక్ కొట్టింది. కిక్ రాడ్ ఎదురు తన్నింది. చీలమండ విరిగింది.

కబురు తెలియగానే ఆయన తోక తొక్కిన తాచులా బయల్దేరాడు. తను పెట్టిన ప్లేటును ఎవడో కెలికాడని దారిలోనే తేల్చేసుకున్నాడు. వెళ్లేసరికి మంచం పక్కన అన్న కూర్చుని ఉన్నాడు. ఇంకేం కావాలి? నా పని కెలికి అక్క కాలు విరగ్గొట్టావనీ, నాన్న పేరు మంటగలిపావనీ గుమ్మంలోంచే కడిగేశాడు.

అక్కే అంది, "ఎవరూ కెలకలేదురా. మీ పంతాలకు నా బండిని చంపొద్దని కాళ్లావేళ్లా పడితే, అన్నయ్య ఈసారి ముట్టుకోనేలేదు. నువ్వు పెట్టిందే బావుంది, ఉండనీ అన్నాడు. ఆ ముక్క చెబుదామనే వచ్చా. చెప్పనిచ్చావా?"

ఆయనకు టాపెట్ల సందు గుర్తొచ్చింది. ముందుకే ఉన్న ప్లేటును తను ఇంకో గోరంత ముందుకు తోశాడన్నమాట. అన్న వైపు తిరిగాడు.

"కబురైనా పెట్టొచ్చుగా" అన్నాడు.

అన్న లేచి, ఆయన్ని తప్పించుకుని బయటికి నడిచాడు.

అక్క చెయ్యి చాపింది. బండి రెండో తాళం ఎప్పుడూ తమ్ముడి జేబులోనే ఉంటుంది. "ఇటు ఇవ్వు. ఇకనుంచి మూల మీది షాపులో చేయిస్తా" అంది.

ఆ షాపువాడంటే అన్నదమ్ములిద్దరికీ గిట్టదు. ఇద్దరూ ఒక్క మాట మీద తిట్టే మనిషి లోకంలో వాడొక్కడే.

ఆయన తాళం తీసి అక్క చేతిలో పెట్టాడు.